తొమ్మిదోవాడికి దెబ్బలు తక్కువ

ఆదివారం పొద్దున యొకాస్తా పెట్టుకున్న పనులు రెండే. ఎర్రచిక్కుడు గింజల కుండ పొయ్యి మీదికెక్కించడం, కొడుకు విల్కిన్ బేస్‌బాల్ చొక్కా ఇస్త్రీ చేయడం. ఇస్త్రీ సగంలో ఉండగా, ఉడికించిన అరటికాయ ముద్ద తింటూ వాడు తాపీగా ఒక మాటన్నాడు.

"అమ్మా, ఇవాళ నన్ను మొదటి బ్యాటింగుకి పంపుతారేమో. అకాడమీకి ఆటగాళ్ళని ఏరే ఆయన రాజధాని నుంచి వస్తున్నాడు."

"మొదటేంటి నాయనా? నిక్షేపంలాంటి తొమ్మిదో స్థానం ఉండగా."

"తొమ్మిదోవాణ్ణి ఎవడు చూస్తాడమ్మా? నా వంతు వచ్చేసరికి జనమంతా వేపుడు చేపల బండి దగ్గరుంటారు."

చక్కెర మిల్లు పొగ పీల్చే ఆ ఊళ్ళో, విల్కిన్ ఆడే కొంగల జట్టు బ్యాటింగ్ వరుస మీద సొంత అభిప్రాయం లేనివాడు ఉండడు. మంగలికి ఒకటుంది, చర్చి ఫాదరుకి ఒకటుంది. యొకాస్తాకూ ఉంది. నాలుగోవాడు ఎద్దులాంటివాడై ఉండాలి, తగిలినా బంతికే నొప్పి పుట్టాలి. మూడోవాడికి పెళ్ళాం పిల్లలు ఉండకూడదు. మొదటివాడికి అందరికన్నా ఎక్కువసార్లు వంతు వస్తుంది, అంటే బంతి అందరికన్నా ఎక్కువసార్లు వాడి తల వైపే వస్తుంది. చివరివాడికి ఆ గండం అందరికన్నా తక్కువ. కాబట్టి కన్నకొడుకు తొమ్మిదోవాడుగానే ఉండాలి. కిందటేడు పక్కవీధి కుర్రాడికి బంతి తగిలి ముందుపళ్ళు పోయినప్పుడు, వాడి కన్నతల్లిలా ఏడ్చింది ఈమే. కొడుకు అకాడమీలో చేరాలని ఆమెకూ ఉంది. కాని తలుంటేనే కదా టోపీ.

వాడు అటు మైదానానికి వెళ్ళగానే ఆమె ఇటు ఫోను దగ్గరికి వెళ్ళింది. ఆట ఉన్న రోజు పొద్దున రేడియోలో, వినేవాళ్ళు ఫోన్ చేసి మాట్లాడే ఎఫ్రాయిన్ కార్యక్రమం వస్తుంది. దాన్ని కోచ్ సెనోన్ తప్పకుండా వింటాడు, విననని అందరికీ చెబుతాడు. యొకాస్తా తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని మగవాడిలా గొంతు లావు చేసింది.

"చెప్పండి పెద్దాయనా," అన్నాడు ఎఫ్రాయిన్. "కొంగల వరుస ఎలా ఉండాలంటారు?"

"ఎనిమిదిమంది సంగతి మీ ఇష్టం. యొకాస్తా కొడుకు మాత్రం తొమ్మిదోవాడే."

"అదేంటండీ, కుర్రాడు బాగా పరిగెడతాడుగా?"

కారణం అడుగుతారని ఆమె అనుకోలేదు. "మోకాలు," అంది తడుముకుని. "కొద్దిగా... ఏదో."

ఫోను పెట్టేసి చిక్కుడు కుండలో గరిటె తిప్పేలోపే ఆ 'ఏదో' పెరిగింది. తర్వాత ఫోన్ చేసినవాడు విల్కిన్ కుంటుతుండగా కళ్ళారా చూశానన్నాడు. ఇంకొకడు ఆపరేషను ఖాయమన్నాడు. ఆపైన మాట్లాడినామె ఏమీ చెప్పలేదు, ఏడ్చింది. అంతలో పక్కింటి మెర్సీదా, విల్కిన్‌కు చర్చిలో జ్ఞానస్నానం చేయించిన పెద్దమ్మ, మోకాలికి రుద్దడానికి బాతు కొవ్వు సీసాతో ఊడిపడింది.

"ఏమ్మా, నేను పరాయిదాన్నయ్యానా? పిల్లాడి కాలు తీసేస్తుంటే రేడియో చెప్పాలా నాకు?"

"వదినా, వాడి కాలికేం లేదు."

"తల్లివి కదా, అలాగే అంటావు. కొవ్వు ఎక్కడ పెట్టను?"

ఆ క్షణంలోనే రేడియోలో కోచ్ సెనోన్ గొంతు వినిపించింది. ఆ కుర్రాణ్ణి ఇవాళ ఆడించనని, కూర్చోబెడతానని చెప్పాడు.

యొకాస్తా గరిటె కుండలోనే వదిలేసింది. కొడుకుని తొమ్మిదోవాణ్ణి చేయమంటే అసలు లేకుండా పోయాడు. ఏరే ఆయన రావడం, ఉత్త చేతులతో పోవడం, జన్మంతా విల్కిన్ తన వైపు చూసే చూపు, అన్నీ ఒక్కసారే కనిపించాయి. మళ్ళీ తువ్వాలు తీసింది.

"ఆ మోకాలు బాగానే ఉందండీ."

"ఇందాక బాగాలేదన్నది మీరేగా పెద్దాయనా?" అన్నాడు ఎఫ్రాయిన్. "ఇంతకీ తమరిది ఏ ఊరు? కుంటివాణ్ణి దింపి మమ్మల్ని ఓడించాలనా?"

ఇక తువ్వాళ్ళతో అయ్యే పని కాదు. పొయ్యి మెర్సీదాకు అప్పగించి, అద్దె మోటారుసైకిలు వెనక కూర్చుని మైదానానికి పోయింది. అక్కడ విల్కిన్ కోచ్ ముందు గుంజీళ్ళు తీస్తున్నాడు.

"నటిస్తున్నాడు," అన్నాడు సెనోన్. "నొప్పి దిగమింగుతున్నాడు పాపం."

"లేదు బాబూ. రేడియోలో ఆ పెద్దాయన నేనే."

విల్కిన్ గుంజీ మధ్యలో ఆగిపోయాడు. కోచ్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మా, నేను వీణ్ణి తొమ్మిదోవాడుగానే పంపుదామనుకున్నాను. మొదటివాడన్నది వీడి కల."

"అయితే అలాగే పంపండి నాయనా, దణ్ణం పెడతాను."

"ఇప్పుడెలా కుదురుతుంది? కుంటివాణ్ణి ఆడించానని ఊరు నన్ను బతకనిస్తుందా? జనం చేపల బండికి పోకముందే వీడు పరిగెత్తి చూపించాలి. మొదట వీడే."

యొకాస్తా మెట్ల మీద కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆ రేడియో అవతలి ఊళ్ళోనూ వస్తుంది. అవతలి జట్టువాళ్ళు విల్కిన్‌ను చూసి, పాపం పరిగెత్తలేడని వెనక్కి జరిగి నడుం మీద చేతులేసుకున్నారు. అంతలో ఒక ఆడగొంతు మైదానమంతా మోగింది.

"ఒరే రూదీ, కుంటి పిల్లాడికి బంతి తగిలిందంటే ఇంటికి రాకు."

రూదీ అంటే బంతి విసిరేవాడు. ఆ అరిచింది వాళ్ళమ్మ. పాపం వాడు రోజంతా విల్కిన్‌కు మూరెడు దూరంగా విసిరాడు. విల్కిన్ బ్యాటు చాపి బంతిని మెల్లగా ముందుకు రాల్చి, వెనక్కి జరిగినవాళ్ళు వచ్చి అందుకునేలోపే పరిగెత్తి మొదటి బేస్ చేరాడు. మళ్ళీ వంతు వచ్చినా అంతే. యొకాస్తా ఒక కన్ను తెరిచింది.

ఆట అయ్యాక, ఏరే ఆయన కోచ్‌ను పక్కకి పిలిచాడు. "మోకాలు పాడైనప్పుడే ఇలా ఉరికితే, బాగయ్యాక ఎలా ఉంటాడయ్యా? వచ్చే నెల అకాడమీకి పంపు."

"నయమైపోతుందండీ," అన్నాడు సెనోన్, యొకాస్తా వైపు చూడకుండా.

సంగతి ఊళ్ళో పొక్కింది. మరుసటి ఆదివారం ఎఫ్రాయిన్‌కు ఒకరి తర్వాత ఒకరు, తువ్వాలు అడ్డం పెట్టుకున్నట్టున్న బొంగురుగొంతు పెద్దాయనలు ఫోన్ చేసి, తలా ఒక కుర్రాడి మోకాలు బాగాలేదన్నారు. ఆట మొదలయ్యేసరికి కొంగల జట్టులో మోకాళ్ళు బాగున్నవాడు విల్కిన్ ఒక్కడే మిగిలాడు.