మచ్చలేని స్ఫటికాలు

చాలా పెద్ద అడవి ఒకటి ఉండేది. ఎంత పెద్దదంటే, దానికో సభ, సభకో అధ్యక్షుడు, ఏ పనీ లేని ఆరు కమిటీలు కూడా ఉండేవి. లేనిదల్లా నీళ్లే. ఎండలు ముదిరేసరికి వాగులన్నీ ఎండిపోయి, కొండ కింద ఒక్క రాతిమడుగు మిగిలేది.

ఆ మడుగును పాతకాలంలో ఒంటినిండా పొలుసులుండే అలుగులూ, మరికొన్ని జంతువులూ కలిసి గోళ్లతో తవ్వాయి. తవ్వుతుంటే బండ పగుళ్లలో స్ఫటికాలు బయటపడ్డాయి. తవ్విన ఇంటికొకటి చొప్పున పంచుకున్నారు. స్ఫటికం చూపించిన వాళ్లకు ఎండాకాలంలో మడుగు నీళ్లు, మిగతావాళ్లు రెండు కోసులు నడిచి నదికి పోవాలి. ఇదీ అక్కడి ఆచారం.

ఘాట్ రోడ్డు పడేదాకా అంతా బాగానే నడిచింది. రోడ్డు మీద మనుషులు సీసాలు పగలగొట్టి పోయేవారు. ఓ కోతి ఆ ముక్కల అంచులు అరగదీసి, ఆకుపసరుతో మెరుగుపెట్టి, "మీ ముత్తాతగారి స్ఫటికం దొరికిందండీ" అంటూ ఇంటింటికీ తిరిగింది. ముక్కకు పది మామిడిపళ్లు. ముత్తాత ఎవరో తెలియనివాళ్లు కూడా కొన్నారు. రెండేళ్లు తిరిగేసరికి మడుగు దగ్గర కాలు పెట్టే సందు లేదు.

సభ కూడింది.

"ఏది అసలో ఏది నకిలీయో తేలాలి!" అని గర్జించాడు అధ్యక్షుడు గొంగళయ్య. ఆయన ఎలుగుబంటి. మెడలో అరచేతంత స్ఫటికం ధగధగలాడుతోంది. పోయినేడు పునుగుపిల్లి పరిమళరావు పెట్టిన కానుక అది. అందుకని పరీక్షాధికారి ఉద్యోగం పరిమళరావుకే వచ్చింది. గుమాస్తాగా తొండను వేశారు. ఎవరేమన్నా తల ఊపుతుందని దానికి మంచి పేరు.

పరిమళరావుకు ఒకటే చిక్కు. ఆయన వంశంలో గోరెడు మట్టి తీసినవాడు లేడు. ఆయన స్ఫటికమూ, ఆయన పెట్టిన కానుకా రెండూ కోతి దగ్గర కొన్నవే. మామూలువాడైతే కంగారుపడేవాడు. ఆయన మాత్రం తన రాయిని ఎదురుగా పెట్టుకుని, అది ఎలా ఉందో చూసి, ఆ ప్రకారమే నియమాలు రాశాడు. వడ్రంగిపిట్టను పిలిచి మడుగు పక్క బండ మీద చెక్కించాడు కూడా.

"అసలు స్ఫటికంలో మచ్చ గానీ గీత గానీ ఉండరాదు. చేతిలోకి తీసుకోగానే వెచ్చబడాలి."

"వెచ్చబడటం ఎందుకండీ?" అనడిగింది కుందేలు.

"రాయికి యజమాని మీద ఆ మాత్రం అభిమానం ఉండొద్దూ?" అన్నాడు పరిమళరావు. తొండ తల ఊపింది.

పరీక్షలు మొదలయ్యాయి. సీసాముక్కకు మచ్చేమిటి, గీతేమిటి! ఎండలో చేత్తో పట్టుకుంటే వెచ్చబడక ఏంచేస్తుంది? వచ్చినవి వచ్చినట్టు నెగ్గాయి. "అసలు" అని ముద్ర వేసిన ఆకులు చేతికి తీసుకుని అందరూ నీళ్లకు దిగారు.

చిట్టచివర పొలుసమ్మ వచ్చింది. ఆమె అలుగు. మడుగుకు మొదటి గోరు వేసిన అలుగు మనవరాలు. తవ్విన వంశాల్లో ఆ అడవిలో మిగిలింది ఆమె ఇల్లొక్కటే. తోక మీద పిల్ల వేలాడుతోంది. పిల్లకు గొంతు తడారిపోయి పొద్దుటినుంచీ ఏడవడం కూడా మానేసింది. నదిదాకా మోసుకెళితే దక్కుతుందన్న నమ్మకం ఆమెకు లేదు.

పరిమళరావు ఆమె రాయిని ఎత్తి ఎండలో చూశాడు. లోపల పొగమంచులాంటి మచ్చ, ఓ పక్క సన్నటి పగులు. ఎంతసేపు పట్టుకున్నా చల్లగానే ఉంది.

"ఎక్కడ కొన్నావమ్మా దీన్ని?"

"కొనలేదయ్యా. మా తాత తవ్వితే వచ్చింది."

"అందరూ అదే చెబుతారు. మచ్చ ఉంది. గీత ఉంది. పైగా ఇంతసేపయినా వెచ్చబడలేదు. నకిలీ!"

తొండ తల ఊపింది. పొలుసమ్మకు కడుపు మండిపోయింది. తిన్నగా గొంగళయ్య ముందుకెళ్లి నిలబడింది.

"దొరా, కొండ కడుపులో పుట్టిన రాయి చల్లగానే ఉంటుంది. మచ్చా ఉంటుంది. నా మాట నమ్మొద్దు. మా తాత చేసే పరీక్ష ఒకటుంది. నా రాయి మొనతో ఇంకో రాయి మీద గీస్తాను. అదీ అసలైతే గీత పడదు."

"అయ్యయ్యో, అదంతా నియమాల్లో..." అని పరిమళరావు నీళ్లు నమిలాడు.

"నాది గీయి!" అన్నాడు గొంగళయ్య, మెడ ముందుకు చాపి. "అరచేతంత రాయి. నాకేం భయం?"

పొలుసమ్మ గీసింది. కీచుమంది. అధ్యక్షుల వారి స్ఫటికం మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా తెల్లటి గీత పడింది.

"లోపల గుండ్రటి బుడగలు కూడా ఉన్నాయి దొరా. కొండలో సోడా ఎవరు కలిపారంటారు?"

అధ్యక్షుడి రాయి పోయిందనగానే తమది నిలుస్తుందని అందరికీ ఆశ పుట్టింది. "నాది గీయమ్మా!" "ముందు నాది పిన్నీ!" అంటూ ఎగబడ్డారు. ఘడియలో నలభై రాళ్లకు నలభై గీతలు. పరిమళరావు మాత్రం తన రాయిని చంకలో దాచుకున్నాడు.

అప్పుడు వడ్రంగిపిట్ట, తను చెక్కిందే కదా అని, బండ మీది నియమం పైకి చదివింది. "గీత గానీ ఉండరాదు."

అందరూ తెల్లమొహాలు వేశారు. నియమం ప్రకారం మడుగులో మూతి పెట్టే హక్కు గొంగళయ్యతో సహా రాయి గీయించుకున్నవాళ్లెవరికీ లేదు. నీళ్ల చుట్టూ నలభై కుటుంబాలు నాలుకలు వేలాడేసి నిలబడ్డాయి. తాగుదామంటే నియమం, మానుదామంటే ఎండ. ఆ ఎండలో అందరికంటే బొచ్చు ఎక్కువున్నది గొంగళయ్యకే. మధ్యాహ్నానికి ఆయన తట్టుకోలేకపోయాడు.

"నియమం మార్చండి! గీత ఉన్నదే అసలు! గీత లేనిది నకిలీ!"

"ఆ గీత ఎవరు గీయాలి దొరా?" అంది వడ్రంగిపిట్ట.

"ఎవరేమిటి? పొలుసమ్మ గారి రాయి! అదే ప్రభుత్వ ముద్ర! ఆమె తాగాకే మిగతావాళ్లు!"

తొండ తల ఊపింది.

పొలుసమ్మ మడుగులోకి దిగింది. పిల్ల తోక మీదినుంచి జారి, నీళ్లలో మూతి పెట్టి, ఊపిరి తీసుకోకుండా తాగింది. అది చూసి పొలుసమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

వెనకనుంచి ఎవరో మెల్లగా దగ్గారు. పరిమళరావు. ఇప్పుడు మచ్చా గీతా లేని రాయి అడవి మొత్తంలో ఆయనదొక్కటే.

"పొలుసమ్మ గారూ... నాదీ కాస్త పాడుచేసి పెడతారా?"

"వరుసలో రండి" అంది ఆమె.

నీళ్లకు నిలబడ్డ వరుస కొండ మలుపుదాకా ఉంది. పిల్ల మూతి తుడుచుకుని అడిగింది. "అమ్మా, అయితే మన రాయి నిజంగా అసలుదేనా?"

"అవునే తల్లీ. గట్టిగా అనకు. మళ్లీ పరీక్ష పెడతారు."

నీతి: అసలుది ఎప్పటికీ వృథా పోదు, నకిలీలకు ముద్ర వేయడానికైనా పనికొస్తుంది.