కొండలరాణి తాళపుచెవి విజయము

వినుడు సభ్యులారా! మేఘములే కాళ్ళకడ్డుపడు బొలీవియా పీఠభూమిపై, ఎంత కాచినను బంగాళాదుంప ఉడకనని మొండికేయు ఆ ఎత్తున, అచట శీతకాలమగు జూలై మాసపు గడ్డకట్టు ప్రాతఃకాలమందు, "కొండలరాణి" అను నామఫలకము నుదుట ధరించిన అరుణవర్ణ మహాభారవాహిని, అనగా ఎర్రలారీ, జాతరకు బీరుపెట్టెలు మోయుచు, గతుకులబాట నడుమ చెప్పాపెట్టకుండ ఆగిపోయెను.

తత్సారథి సెవెరో చోకేవాంకా. జాతర ఊరేగింపున ముందు నడచు గౌరవము పదునొకండేండ్లుగా ఇతని లారీదే. నేడు మధ్యాహ్నము పన్నెండులోపు ఊరు చేరనిచో, ఆ గౌరవము బావమరిది తెయోడోరో లారీకి పోవునని పెద్దలు నిన్ననే తేల్చిరి.

ఇది తొలి ఆగుడా? కానే కాదు. నెలరోజులుగా అతడు డీజిల్ ఫిల్టరు మార్చెను, పైపులలో గాలి తీయించెను, బ్యాటరీ తీగలు బిగించెను. మేస్త్రీ షెడ్డులో రాణి మాస్టరు ముందు పిల్లవానివలె బుద్ధిగా నుండును, రోడ్డెక్కినచో ఆగును, తాళము తిప్పినచో ఏమియు ఎరుగనట్లు మరల లేచును.

ఆగిన ప్రతిమారు, పక్కసీటును సప్తలంగాసమేతముగా నిండించిన అత్తగారు డోన్యా ఎమెతేరియా, ఒక క్రైస్తవ పునీతుని ఇత్తడిబిళ్ళ తీసి తాళపుచెవి గుత్తికి గ్రుచ్చును. అట్లు పదునొక్కరు పునీతులును, అదృష్టమునకై అరచేతంత సీసపు కప్పబొమ్మయు, సెవెరో మోకాలికడ వ్రేలాడుచుండిరి.

సెవెరో దిగి, బానెట్టెత్తి, బాహువులు చాచి గర్జించెను:

"ఓసి యంత్రాధమా, భార్య శాలువకన్న ముందు నీ బేరింగులు కొన్న చేతులివి. డీజిల్ వలయునా, త్రాగుము. గాలి వలయునా, పీల్చుము. తెయోడోరో యెదుట మాత్రము నా తల దించకుము."

"బండికి చెవుల్లేవు అల్లుడూ," అన్నది అత్తగారు కిటికీలోనుండి. "ఆ తాళం ఇలా తే. పన్నెండో ఆయన్ని పెడతా. మా అక్క మోకాళ్ళ నొప్పులు పోగొట్టింది ఈయనే."

"మోకాళ్ళ నొప్పులకీ ఇంజనుకీ ఏం సంబంధం అత్తయ్యా?"

"రెండూ ఎత్తెక్కుతుంటేనే కదా మొరాయిస్తాయి."

కాని రింగు కిక్కిరిసిపోయెను. పన్నెండవ వారికి చోటు లేదు. ఆమె తాళపుచెవిని ఊడదీసి ఇచ్చి, "నువ్వు ఉత్త తాళంతో పోనీ. ఈలోపు వీళ్ళని సర్దుతా," అని గుత్తిని ఒడిలో పెట్టుకొనెను.

అహో, ఏమని వర్ణింతును! గుంటలు వచ్చెను, రాణి ఆగలేదు. రాళ్ళు వచ్చెను, ఆగలేదు. మెట్లుమెట్లుగా గతుకులు లేచిన బాటపై పళ్ళు కటకటలాడ కనుమ నెక్కెను, ఆగలేదు.

"చూశావా, ఒళ్ళో కూర్చోబెట్టుకుని బతిమాలాను," అని అత్తగారు మురిసి, పన్నెండవ వారు బయటనే యుండగా, గుత్తిని మరల తాళపుచెవికి తగిలించెను.

మరుసటి గుంటలో పదునొక్కరును ఒక్కుమ్మడి ఊగిరి, కప్ప ఎగిరి దూకెను, ఆ బరువునకు తాళపుచెవి తనంతట తాను గోరంత వెనుకకు తిరిగెను. ఇంజను మూగవోయెను. సెవెరో కళ్ళారా చూచెను. నెలరోజుల మహాశత్రువు ఫిల్టరులో లేడు, తీగలలో లేడు, అత్తగారి భక్తిలో నున్నాడు.

అసలు యుద్ధమిదిగో. ఇంజనును గెలిచినవారు కలరు. అత్తగారిని గెలిచినవాని పేరు ఆ సీమలో నెవరును వినలేదు. ఎండ నడినెత్తికి వచ్చుచుండెను. సెవెరో టోపీ తీసి చేతబట్టెను.

"అత్తయ్యా, ఒక్క మాట. వీళ్ళు పాపం నెల నుంచి నా మోకాలు చూస్తూ వేలాడుతున్నారు. రోడ్డు కనపడకపోతే ఎలా కాపాడతారు?"

ఆమె వంగి అతని మోకాలిని పరికించెను. "నిజమే. నీ మోకాలేమన్నా అంత చూడ్డానికి బాగుంటుందా ఏంటి," అని గుత్తిని తీసి ముందటి అద్దమునకు కట్టెను. "ముందే ఏడవచ్చుగా, మొద్దు."

పన్నెండుకు నాలుగు నిమిషములుండగా, బాకాలు మ్రోగ, రాణి ఊరు ప్రవేశించెను. తెయోడోరో మొగము మాడిపోయెను.

"ఎవరు బాగుచేశారు బావా?"

"మీ అమ్మే," అనెను సెవెరో. అబద్ధమాడలేదు.

తల్లి పొంగిపోయి, మిగిలిన పన్నెండవ బిళ్ళను, అద్దముకడ నుండి విప్పిన సీసపు కప్పను కొడుకు చేతిలో పెట్టెను. "నీకూ ఉండనీరా. తాళానికే కట్టుకో."

"ఇంకో పది కూడా ఇప్పించండి అత్తయ్యా," అనెను అల్లుడు సవినయముగా.

ఇట్లు తాళపుచెవి గోరంతయైనను వెనుదిరుగకుండ జేసిన జగదేకవీరుడు సెవెరో చోకేవాంకా, ఊరేగింపున అగ్రగామియై చర్చి చుట్టు తిరిగెను. వెనుక వచ్చు తెయోడోరో లారీ మూడుమార్లు ఆగినదట.