టీ బాయిలరూ, డేటాబేసూ

ఆ శనివారం ఉదయం పాస్కో దంపతుల ప్రణాళిక చిన్నదే. వ్యవసాయ ప్రదర్శన మైదానంలో, పోటీల మార్కులు లెక్కగట్టే తమ కంప్యూటర్ ప్రోగ్రాం నడిపించి, మధ్యాహ్నం బహుమతుల వేళకు ఫలితాలు అప్పగించాలి. సవ్యంగా జరిగితే ఆస్ట్రేలియా గిప్స్‌ల్యాండ్‌లోని పక్క ఊళ్ళ ప్రదర్శన సంఘాలూ దాన్ని కొంటాయి. లేకపోతే నెవిల్ మళ్ళీ ప్రింటర్లు బాగుచేసుకోవాలి.

తేలనిదల్లా మార్కులు దాచే డేటాబేసు ఇంజను. నెవిల్‌ది సర్వర్ పక్షం: వంటమనిషి ఒకేచోట ఉంటాడు, పోటీల షెడ్లన్నీ అతన్నే అడిగి వడ్డించుకోవాలి. భార్య గ్లెనిస్‌ది ఒకే ఫైలు పక్షం: అంతా క్యారేజీలో సర్దేసి చేతికివ్వడం.

"క్యారేజీ అయితే ఎవడు పడితే వాడు పట్టుకుపోతాడు," అన్నాడు నెవిల్.

"వంటమనిషికి జ్వరమొస్తే ఊరంతా పస్తు," అంది గ్లెనిస్.

నెవిల్ గొంతు పెద్దది కనుక సర్వర్ గెలిచింది. సంఘం ఆఫీసులో ఉన్న ఒకే ఒక ప్లగ్గుకు దాన్ని తగిలించాడు.

టీ వేళకు షెడ్లన్నిటిలో కంప్యూటర్ తెరలు ఒకేసారి బిగుసుకుపోయాయి. నెవిల్ పరుగెత్తి చూస్తే ప్లగ్గులో టీ బాయిలరూ, పక్కన టీ కాచే మెర్ల్ ముసలమ్మా ఉన్నారు.

"ఏం పీకావో తెలుసా, మెర్ల్?"

"తెలుసు నాయనా. మీ తాత హయాం నుంచీ ఈ ప్లగ్గు టీది. నీ డబ్బా పొద్దున వచ్చింది."

అతను తగిలించినప్పుడల్లా ఆమె పీకింది. టీ ఆపగల మగాడు ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

గ్లెనిస్ ప్రోగ్రాంని ఫైలు ఇంజనుకు మార్చింది. మారుస్తూ మొగుడి వంక ఒకసారి చూసింది. వెంటనే కేకుల షెడ్డు వాళ్ళూ, కోళ్ళ షెడ్డు వాళ్ళూ బాయిలర్ భయంతో ఆ ఫైలుకి ఎవరి ప్రతి వాళ్ళు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, ఎవరి మూల వాళ్ళు మార్కులు ఎక్కించుకున్నారు. రెంటిలోనూ ఎంట్రీలకి ఒకటి నుంచీ అవే నంబర్లు. అక్కడ కేకులకి, ఇక్కడ కోళ్ళకి. బహుమతుల గంట కొడుతుంటే గ్లెనిస్ నంబర్లు సరిచూడకుండానే రెంటినీ కలిపేసింది.

సంఘం అధ్యక్షుడు ట్రాంటర్ మైకులో చదివాడు: "స్పాంజి కేకు, మొదటి బహుమతి... తెల్ల లెగార్న్ పుంజు. నడకలో రాజసం ఉందట."

గ్లెనిస్ కళ్ళముందు ప్రింటర్లు బారులు తీరాయి.

ముందు నవ్వింది మెర్ల్. స్పాంజి కేకులో ఏటా ఆమెతో పోటీపడి, ఏళ్ళ తరబడి ఆమెతో మాటలు మానేసిన కోరల్ ఆ వెనకే నవ్వింది.

"పోన్లే, నీ చేతిలో ఓడలేదు!" అంది మెర్ల్.

"నేనూ పుంజుకే ఓడానమ్మా," అని కోరల్ ఆమె కప్పులో టీ పోసింది.

ట్రాంటర్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఏటా ఆ కేకు ఫలితం చదివి, వీళ్ళిద్దరి గొడవకి జడిసి వెనక గేటులోంచి పారిపోయేవాణ్ణి. పక్క ఊళ్ళకీ ఇదే పెట్టండి. ఇంతకీ ఎవరి ఇంజను?"

"నాది," అన్నారు ఇద్దరూ.

ఆ నెలలోనే సంఘం ఆఫీసుకు రెండో ప్లగ్గు మంజూరైంది. అందులో రెండో బాయిలర్ పెట్టారు.