గెడ్డలో ఆల్బమ్

రోనాల్డ్ ఆ పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికల్లా ఊరి పక్క గెడ్డ దగ్గరకు చేరడం, మంచు విడకముందే ఆ వాగులో పాట చిత్రీకరించడం, పదింటికి ఇంటికొచ్చి వేడి అంబలి తాగడం. అరకు లోయలో డిసెంబరు చలి ఎలా ఉంటుందో తెలిసినవాడు గనుక రెండు స్వెటర్లు వేసుకుని, వాటి మీద తెల్ల లాల్చీ తొడుక్కున్నాడు. జుట్టుకి జెల్ పట్టించి నడినెత్తిన ముడేశాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, గొంతు మంచిదే. కాకపోతే ఆ సంగతి ఊళ్లో అందరికంటే అతనికే ఎక్కువ తెలుసు.

అతని మొదటి ఆల్బమ్‌లో ఎనిమిది క్రైస్తవ గీతాలు. పేరు ‘నిండా ముంచుము దేవా’. విశాఖలో రికార్డింగు అయిపోయింది, మొదటి పాటకు వీడియో మిగిలింది. వచ్చే ఆదివారం పాడేరు క్రిస్మస్ సభల్లో విడుదల. ఆ వేదిక ఎక్కితే గాయకుడు రోనాల్డ్, ఎక్కకపోతే ఎప్పటిలాగే చర్చిలో కీబోర్డు వాయించే రోనాల్డ్. అందుకే వారం రోజులుగా అతనికి నిద్ర లేదు.

నిజానికి నిండా మునగడమంటే అతనికి చచ్చేంత భయం. వాళ్ల సంఘంలో బాప్తిస్మం ఏటా డిసెంబరులోనే, గెడ్డలోనే, తెల్లవారుజామునే. గొంతు పట్టేస్తుందని పద్దెనిమిదో ఏట తప్పించుకున్నాడు. తర్వాత చదువుకి విశాఖ వెళ్లి, అక్కడ తీసేసుకున్నానని ఇక్కడ చెప్పాడు, ఇక్కడే తీసుకున్నానని అక్కడ చెప్పాడు. ఆరేళ్లుగా రెండు చోట్లా, మునిగినవాళ్లకే పెట్టే ప్రభు బల్ల దగ్గర రొట్టె తిని, ద్రాక్షరసం తాగి, కళ్లు మూసుకుని మరీ పాడుతున్నాడు. దేవుడికి తెలుసు గానీ ఆయన ఎవరికీ చెప్పలేదు.

పాటలో వెనకాల ఇరవై మంది తెల్లబట్టల్లో చేతులెత్తి నిలబడితే బాగుంటుందని మణిదీప్ అన్నాడు. అతను విశాఖ నుంచి డ్రోన్ పట్టుకొచ్చిన కెమెరా మనిషి. రోనాల్డ్ ముందురోజు సాయంత్రమే స్త్రీల సమాజం పెద్ద సోములమ్మ దగ్గరకు వెళ్లి, తెల్లారేసరికి ఓ ఇరవై మందికి తెల్లబట్టలు కట్టించి గెడ్డ దగ్గరకు తీసుకురమ్మన్నాడు. వీడియో అని చెబితే ఊరంతా సలహాలిస్తుందని, దేనికన్నది మాత్రం చెప్పలేదు. పాస్టరు ఎలీయేజరుగారికి మాత్రం తెలియనివ్వొద్దన్నాడు. తెలిస్తే పాటకు ముందు పది నిమిషాలు, వెనక పది నిమిషాలు తన ప్రసంగం పెట్టమంటారు.

ఆ కొండల్లో డిసెంబరు, తెల్లబట్టలు, గెడ్డ, ఈ మూడూ కలిస్తే బాప్తిస్మమే. అదీ పాస్టరుకి తెలియకుండా అంటే కుర్రాడు వేరే సంఘం పెట్టేస్తున్నాడన్నమాట. సోములమ్మకు ఇందులో వింతేమీ కనపడలేదు. కీబోర్డు కొన్న ప్రతివాడూ మూడో ఏటికల్లా సంఘం పెట్టడం ఆమె చూస్తూనే ఉంది. కొత్త సంఘంలో ముందు మునిగినవాళ్లే పెద్దలవుతారు, పాత సంఘంలో ఇరవయ్యేళ్లు చాకిరీ చేసినా ముందు బెంచీ దొరకదు. కాబట్టి ఆమె ఇంటింటికీ వెళ్లి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ చెప్పింది.

తెల్లారేసరికి ఒడ్డున నూటయాభై మంది ఉన్నారు. మణిదీప్ నోరు తెరిచి, ఇంత ఫాలోయింగ్ ఉందని చెప్పలేదేం బ్రో అన్నాడు. రోనాల్డ్ సిగ్గుపడుతూ, ఇంకా చాలామందికి కబురు అందలేదన్నాడు. అందరి చంకల్లో తువ్వాళ్లు, పొడిబట్టల సంచులు దేనికని అడిగితే, చలి కదా అని తేల్చేశాడు.

గెడ్డ మధ్యలో ఓ బండ చూసుకుని, రాళ్ల మీద అడుగులేస్తూ ఒక్క చుక్క తగలకుండా దాని మీదికి చేరాడు. స్పీకర్లో పాట మొదలైంది. పల్లవికి చేతులు చాచగానే సోములమ్మ నడుంలోతు నీళ్లలో నడిచొచ్చి, ముక్కు మూసుకుని అతని ముందు నిలబడింది. పాటకి కదిలిపోయిందనుకున్నాడు. కెమెరాకి బాగుంటుందని వంగి తల మీద చెయ్యి పెట్టాడు. అంతే, ఆమె తనంతట తనే బుడుంగున మునిగి లేచి స్తోత్రం అంది. వెనకాల వరస కట్టేశారు. ఏడో మనిషి మునిగేసరికి రోనాల్డ్‌కి ఏదో తేడాగా ఉందనిపించింది. అయినా షాట్ అద్భుతంగా వస్తోందని మణిదీప్ సైగ చేస్తుంటే ఎవడాపుతాడు?

పదకొండో మనిషి దగ్గర, ఒట్టు వేసినవాళ్లలోనే ఎవరో కబురు పెట్టగా, ఎలీయేజరుగారి బైకు వచ్చి ఆగింది. ఒంటి మీద తెల్ల అంగీ, చంకలో బాప్తిస్మాల రిజిస్టరు.

“ఏటిరా సేత్తన్నావు? నా సంఘాన్ని సీల్సేత్తావా?”

రోనాల్డ్ బండ మీంచే చేతులూపుతూ, సంఘం కాదు, వీడియో షూటింగ్ అన్నాడు. జనంలో గోల లేచింది. తడిసి ముద్దయినవాళ్ల మొహాలు చూడాలి.

“మరి మాం మునిగింది నెక్కకొస్తాదా, రాదా అయ్యగారూ?” అంది సోములమ్మ, పళ్లు టకటకలాడుతుంటే.

ఎలీయేజరుగారు రిజిస్టరు తెరిచారు. బాప్తిస్మం ఇచ్చినవాడు ముందు తాను తీసుకున్నవాడో కాదో చూడాలన్నారు. రిజిస్టరు మొదటినుంచి చివరిదాకా తిప్పారు. రోనాల్డ్ పేరు లేదు. విశాఖ పాస్టరుకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టారు. మీవాడు అక్కడే తీసుకున్నానన్నాడే అని ఆయన ఆశ్చర్యపోయాడు. నూటయాభై మందీ రోనాల్డ్ వైపు తిరిగారు. ఆరేళ్ల రొట్టె ఒక్కసారిగా గొంతుకి అడ్డం పడ్డట్టయింది.

పాడేరు సభల కమిటీలో ఎలీయేజరుగారు సభ్యులు. బాప్తిస్మం లేనివాడు ఆ వేదిక ఎక్కడానికి వీల్లేదని మెల్లగానే చెప్పారు. అయితే గెడ్డ ఇక్కడే ఉంది, తానూ ఉన్నానన్నారు.

“గొంతు పోద్దండి అయ్యగారూ. ఆదివారం పాడాలి.”

“గొంతు కావాలా, ఏదిక కావాలా? బేగి సెప్పు.”

రోనాల్డ్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని బండ దిగాడు. రెండు స్వెటర్లూ నీళ్లు పీల్చుకుని కిందికి లాగాయి. పాస్టరుగారు ముంచి లేపారు.

“ముడి మునగనేదయ్యగారూ” అంది సోములమ్మ.

మళ్లీ ముంచారు. మోచెయ్యి పైకి తేలిందని ఒడ్డునుంచి ఎవరో చెప్పారు. ఈసారి ఆయన రెండు చేతులూ వేసి, బరువంతా మోపి, ప్రార్థన పూర్తయ్యేదాకా అట్టే పెట్టారు. పైకి లేస్తూ రోనాల్డ్ పెట్టిన కేక ఎదుటి కొండకి తగిలి తిరిగొచ్చింది. స్టూడియోలో మూడు రోజులు కొట్టుకున్నా అందని పై స్థాయి అది. మణిదీప్ దాన్నీ వదల్లేదు.

సాయంత్రానికి గొంతు పోయింది. ఆదివారం వేదిక ఎక్కాడు. ఎలీయేజరుగారు నలభై నిమిషాలు మాట్లాడారు, రోనాల్డ్ తలూపాడు, ఆల్బమ్ విడుదలైంది. మణిదీప్ అన్నీ నెట్లో పెట్టాడు. నెల తిరిగేసరికి ఎనిమిది పాటల్నీ కలిపి మూడు వందల మంది విన్నారు, ఆ కేకని ఆరు లక్షల మంది చూశారు.

ఫిబ్రవరి సభలకి రోనాల్డ్‌ని పంపమని నాలుగు సంఘాలవాళ్లు పాస్టరుగారికి ఫోన్ చేశారు. కుర్రాడు పాడనక్కర్లేదట, గెడ్డ వాళ్లే చూసిపెడతారట.