పోలీస్ యాక్షన్‌లో ఒత్తు ఎక్కడ?

ఇంగ్లీషు మాటను ఎక్కడ ఒత్తి పలకాలో తెలియకపోవడం మన సికింద్రాబాదుకు పెద్ద వరమని బల్లగుద్ది చెబుతాను. నమ్మరా? అయితే రోసమ్మ గోడ సంగతి వినండి.

రోసమ్మది మౌలాలి రైల్వే కాలనీ పక్కన రెండు గదుల ఇల్లు. భర్త పేతురు రైలింజనులో బొగ్గు వేస్తాడు. మొన్న సెప్టెంబరులో నిజాం మీదికి మిలిటరీ దిగిన పోలీస్ యాక్షన్ ముగిసి అందరూ హమ్మయ్య అనుకుంటుండగా, ఒక మిలిటరీ లారీ వెనక్కి వస్తూ ఆమె వంటింటి గోడను కూల్చేసింది. డ్రైవరు దిగి సారీ చెప్పాడు. ఎంత మర్యాద!

రోసమ్మ ఠాణాకు వెళ్లింది. అక్కడి పోలీసు అధికారి అమీను సాహెబు 'యాక్షన్' అన్న ముక్కను గట్టిగా ఒత్తి, ఆ యాక్షన్ చేసింది మిలిటరీ వాళ్లు గనుక వాళ్లనే అడగమన్నాడు. కంటోన్మెంటులో కెప్టెన్ గారు 'పోలీస్' అన్న ముక్కను ఒత్తి, పేరులోనే పోలీసులుంటే తన దగ్గరికెందుకు వచ్చావన్నాడు. ఒత్తు కాస్త అటూ ఇటూ జరిపితే సర్కారుకు ఎంత సిమెంటు మిగిలిందో చూశారా?

ఈలోగా వానలు. తడికె కట్టినా జల్లు ఆగలేదు. చంటిదానికి దగ్గు పట్టుకుంది. రోసమ్మ పక్కింటి ఇంగ్లీషు మేష్టారు దేవసహాయం గారి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయనకు మనసు కరిగింది. వెంటనే ఆ మాటను పో, లీస్, యాక్, షన్ అని నాలుగు ముక్కలు చేశాడు. జంట మాటల్లో బరువు మొదటి మాటదే, అందులోనూ 'లీస్' మీదే పడాలని తేల్చి, ఠాణాకు వెళ్లి అమీను సాహెబుకు పాఠం చెప్పాడు. సాహెబు శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఇప్పుడు దొరల్లాగా పలుకుతాడు. గోడ ఊసు మాత్రం ఎత్తడు.

ఆఖరికి రోసమ్మే మట్టి తొక్కింది. పేతురు, అతని తోటి పనివాళ్లు కలిసి గోడ లేపారు.

మర్నాడే ఇద్దరు అధికారులూ దిగారు! పర్మిషన్ లేని కట్టడం ఠాణా పరిధిలోకి వస్తుందని అమీను, మిలిటరీ లారీలు తిరిగే దారి గనుక తమ పరిధేనని కెప్టెన్. కూలినప్పుడు ఎవరికీ పట్టని గోడ, లేచాక ఇద్దరిదీ అయింది.

రోసమ్మ కొంగు దోపుకుని గోడకు అడ్డంగా నిలబడింది.

"ఆ మాట ఎట్ల పలకాల్నో ముందు మీరిద్దరు తేల్చుకోండి సారూ. అందాక నా గోడను ముట్టకుండ్రి."

ఈసారి అమీను 'పోలీస్' అన్న ముక్కను ఒత్తాడు, కెప్టెన్ 'యాక్షన్' అన్న ముక్కను. వాదన అక్కడే షురూ అయింది. అది తేలేలోపు రోసమ్మ గోడకు సున్నం కూడా కొట్టేసింది.