దీపాల్లేని షామియానా

చాలా ఏళ్ళుగా బయ్యూమీని ఒక సందేహం వదలలేదు. కూతురు నెస్మా నాట్యంలో డిగ్రీ చదువుతోంది. చదువు మంచిదే. కష్టపడి చదవడం ఇంకా మంచిది. కాని రేపు దేవుడి ముందు నిలబడినప్పుడు, నీ కూతురి పాదాలు ఎక్కడెక్కడ ఆడాయో చెప్పమంటే ఏం చెప్పాలి? ఈ మాట షేక్ తమీమ్‌ను అడుగుదామని నమాజు అయ్యాక ఎన్నోసార్లు ఆగాడు. నోరు తెరిచేసరికి మాట మారిపోయేది. మోకాళ్ళ నొప్పి గురించి అడిగి వచ్చేసేవాడు. షేక్ ఓపికగా నల్లజీలకర్ర నూనె రాసుకోమనేవాడు. మోకాళ్ళు బాగుపడ్డాయి గాని సందేహం అలాగే ఉండిపోయింది.

నెస్మాను నాట్య కళాశాలలో చేర్చింది అతని భార్య ఇనాయత్. నీ ఆఖరి పరీక్షకు నేనూ మీ నాన్నా ముందు వరుసలో కూర్చుంటామని, బయ్యూమీని అడగకుండానే పిల్లకు మాట ఇచ్చేసింది. మొదటి ఏడాది ముగియకముందే మహమ్మారి వచ్చి ఆమెను తీసుకుపోయింది. జనం గుమిగూడకూడదన్న రోజులవి. షామియానా లేదు, ఖురాన్ పఠనం లేదు, దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నవాడు లేడు. షుబ్రా పేటలోని ఆ సందు సందంతా బాల్కనీల్లో నిలబడి చూస్తుండగా ఇనాయత్ వెళ్ళిపోయింది.

షామియానాలు అద్దెకిచ్చే జగ్లూల్ ఒక్కడే కిందికి దిగి, దూరంగా నిలబడి, "హాజీ, ఆమెకో షామియానా నేను బాకీ. వద్దన్న రోజులు పోగానే వేస్తాను" అన్నాడు. ఆ రోజులు పోయాయి. అప్పటికి మరీ ఆలస్యమైందని ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. అప్పటినుంచి బయ్యూమీ ఎదురుపడితే జగ్లూల్ అవతలి పక్కకు దాటిపోయేవాడు.

ఆ గురువారం పొద్దున నెస్మా ఫోన్ చేసింది. సాధన కోసమని వారం రోజులుగా కళాశాల దగ్గర స్నేహితురాలి ఇంట్లోనే ఉంటోంది. సాయంత్రమే ఆఖరి పరీక్ష. బాగా ఆడితే డిగ్రీ వస్తుంది, జానపద నృత్య బృందంలో ఉద్యోగమూ వస్తుంది. వేదిక మీద వెనక కట్టడానికి షామియానా పక్క తెర ఒకటి కావాలట. జగ్లూల్ దగ్గర తీసి ఉంచితే మధ్యాహ్నం మనిషిని పంపుతానంది. బయ్యూమీ సరేనన్నాడు.

"తెర పంపించి ఊరుకోకు నాన్నా. నువ్వూ రా."

"చూద్దాం" అన్నాడు బయ్యూమీ. నాలుగేళ్ళుగా అతను చూద్దామంటూనే ఉన్నాడు, ఏదీ చూడలేదు.

జగ్లూల్ దుకాణంలో నాట్యమన్న మాట గొంతు దాటి రాలేదు. తెర కావాలి, ఈ సాయంత్రానికే కావాలి అన్నాడు. జగ్లూల్ చేతిలోని తాడు వదిలేశాడు. పెళ్ళికైతే జనం నెల ముందే వచ్చి బేరమాడతారు. వచ్చి ఈ రోజుకి ఈ రోజే కావాలనేది ఒక్క చావుకే. రంగు బల్బుల తీగలు వెయ్యమంటారా అని మెల్లగా అడిగాడు. "దీపాలెందుకు, వద్దు" అన్నాడు బయ్యూమీ. ఇక అడగాల్సింది ఒక్కటే.

"ఎవరికి హాజీ?"

"మా నెస్మాకి" అని, మరో ప్రశ్న రాకముందే బయ్యూమీ మసీదుకు నడిచాడు. ఫోను నోరు నొక్కి నమాజు చేసుకున్నాడు, తిరిగి దాని నోరు తెరవడం మరిచిపోయాడు. ఇంటికొచ్చి, మోకాళ్ళకు నూనె రాసుకుని నిద్రపోయాడు.

జగ్లూల్ తలుపు దగ్గరే కూలబడ్డాడు. తల్లికి బాకీ ఉండగానే కూతురికి వెయ్యాల్సి వచ్చిందే అని ఏడ్చాడు. తండ్రి అడిగింది ఒక్క తెరే అయినా, ఉన్న ఎర్రటి అతుకుల గుడ్డంతా దింపి సందుకు అడ్డంగా పూర్తి షామియానా వేయించాడు. అది చూసి ఎదురింటి షుక్రీవాళ్ళమ్మ బాల్కనీలోంచి వంగింది. వారంగా నెస్మా కనిపించడం లేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. అసలే ఆ ఎగురుడు చదువు ఒంటికి మంచిది కాదని తాను ముందే అన్నానని కూడా గుర్తొచ్చింది. అరగంటలో సందంతా నల్లబట్టలు కట్టింది. షేక్ తమీమ్ వచ్చి కూర్చున్నాడు. కాఫీ దుకాణంవాడు చావుకిచ్చే చక్కెర లేని కాఫీ కాచడం మొదలుపెట్టాడు.

పఠనం వినిపించి బయ్యూమీ లేచాడు. కిటికీలోంచి చూస్తే షామియానా. పై అంతస్తులో ఎప్పటినుంచో మంచంలో ఉన్న అజీజా అవ్వ పోయినట్టుందనుకున్నాడు. తన తెర కూడా అందులో కలిసిపోయి ఉంటుంది. చావింట్లో నిలబడి నా గుడ్డ నాకిమ్మని ఎలా అడగడం? తెల్లటి పొడుగు గలాబియా తొడుక్కుని కిందికి దిగాడు. జగ్లూల్ అతని భుజం పట్టుకుని తీసుకెళ్ళి గుమ్మం పక్కన మొదటి కుర్చీలో కూర్చోబెట్టాడు. భవనంలో పెద్దవాణ్ణని కాబోలు అనుకున్నాడు బయ్యూమీ. ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు గనుక అడగలేదు.

జనం వరసగా వచ్చి చెయ్యి కలిపి, చావింట్లో అనే మాట అన్నారు. "మిగిలేది దేవుడొక్కడే హాజీ." "దేవుడు మీ ఆయుష్షు పెంచాలి" అని అతనూ అన్నాడు. కాఫీ చేదుగా ఉంది. అందరూ తననే జాలిగా చూస్తుంటే, తన వంతు ఓదార్పుగా పక్కనున్న మంగలి ఫిక్రీతో మెల్లగా అన్నాడు:

"ఒక రకంగా మంచిదే అయింది. ఆమెకూ సుఖం, చూసుకోలేక చచ్చేవాళ్ళకూ సుఖం."

ఫిక్రీ కప్పు కింద పెట్టేసి, కుర్చీ కొంచెం దూరం జరుపుకున్నాడు. ఆ మాట వరస చివరిదాకా పాకింది. దుఃఖంతో మతి చలించిందని ఒకరు, నాట్యమంటే అంత కోపమా అని మరొకరు గుసగుసలాడారు. బయ్యూమీ ఇవేవీ వినలేదు. జగ్లూల్ కంట పడితే తెర సంగతి కదపాలని చూస్తున్నాడు.

అప్పుడు కర్ర చప్పుడైంది. మంచం దిగి వచ్చిన అజీజా అవ్వ, మగవాళ్ళ షామియానా అని కూడా చూడకుండా లోపలికొచ్చింది. పోయిందనుకున్న ఆమెను చూసి బయ్యూమీ కుర్చీలోంచి లేవబోయాడు. అవ్వ అతని తల నిమిరింది.

"దేవుడికి కళ్ళు కనిపించడం లేదు నాయనా. నన్నిక్కడ ఉంచి నీ నెస్మాను తీసుకుపోయాడు."

ఇంతమంది, ఇంత కాఫీ, షేక్ తమీమ్, పక్క కుర్చీ జరుపుకున్న ఫిక్రీ. అందరికీ తెలిసింది, తనకే తెలియలేదు. జేబులోంచి ఫోను తీస్తే తెర నిండా నెస్మా చేసిన పిలుపులు. బిడ్డ పిలిచినప్పుడల్లా తను నిద్రపోయాడు. మోకాళ్ళకు నూనె రాసుకుని నిద్రపోయాడు. బయ్యూమీ చేతులెత్తాడు. ఏళ్ళ తరబడి దాచుకున్న ఆ ప్రశ్న అప్పుడు నోటికి రాలేదు. వేరే మాట వచ్చింది. ఆ పాదాలు ఎక్కడైనా ఆడనీ దేవుడా, ఎవరి ముందైనా ఆడనీ, కదిలితే చాలు.

సందు మొదట్లో టాక్సీ ఆగింది. పంపాల్సిన మనిషి దొరక్క, తండ్రీ ఫోను ఎత్తక తానే బయల్దేరిన నెస్మాకు తన ఇంటి ముందు దీపాల్లేని షామియానా కనిపించింది. చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తింది. బయ్యూమీ తల వంచుకుని ఉన్నాడు గనుక ముందుగా చూసింది ఆ పాదాలనే. తన చావుకు తనే ఏడుస్తూ వస్తున్న పిల్లను చూసి షుక్రీవాళ్ళమ్మ బాల్కనీలోనే కూలబడింది.

"నాన్నా, నువ్వు పోయావనుకున్నాను" అంది నెస్మా, అతని గలాబియాను రెండు చేతుల్తో పట్టుకుని.

"నేనూ అదే అనుకున్నాను తల్లీ. నీ గురించి."

తప్పు ఎవరిదని తేల్చుకోవడానికి సందుకు కాసేపు పట్టింది. జగ్లూల్ తల బాదుకున్నాడు. కొందరు నవ్వారు, నవ్వినందుకు సిగ్గుపడ్డారు. షేక్ తమీమ్ మాత్రం చేతిలోని ఖురాన్ మూయలేదు.

"తెరిచాం గదా. ఎవరి పేరు మీద ముగించమంటారు?"

బయ్యూమీ జగ్లూల్ వైపు చూశాడు. జగ్లూల్ ఈసారి చూపు తప్పించలేదు.

"ఇనాయత్ పేరు మీద" అన్నాడు బయ్యూమీ.

వెళ్ళబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. నెస్మా తండ్రి పక్కనే కూర్చుంది, ఎవరూ వద్దనలేదు. పఠనం ముగిశాక అందరూ మళ్ళీ వరసలో వచ్చి, ఇంతకుముందు చెప్పిన మాటే చెప్పారు. ఈసారి బయ్యూమీ ఏడ్చాడు. చల్లారిన కాఫీ చివరిదాకా తాగాడు.

జగ్లూల్ పక్క తెర విప్పుతుంటే బయ్యూమీ షేక్ దగ్గరికి వెళ్ళి, ఆ పాత సందేహం ఎట్టకేలకు అడిగేశాడు. షేక్ ఖురాన్ మూసి పక్కన పెట్టాడు.

"ఇన్నాళ్ళూ మోకాళ్ళ నొప్పని అడిగింది దీనికేనా? ఇది నాకు తెలియదు హాజీ. వెళ్ళి చూసిరా. తెలిస్తే నాక్కూడా చెప్పు."

జగ్లూల్ బండిలో తెర వెళ్ళింది. తెర వెనకే సగం సందు వెళ్ళింది, నల్లబట్టలతోనే. బయ్యూమీ ముందు వరుసలో కూర్చుని, పక్క కుర్చీ ఖాళీగా ఉంచాడు.

వేదిక మీద ఆ ఎర్రటి అతుకుల గుడ్డ, దాని ముందు నెస్మా ఒక్కతే. పిండి పిసికింది, బట్టలు ఆరేసింది, పిల్ల జడ అల్లింది. పిండి అంటిన చెయ్యి తగలకుండా మణికట్టుతో నుదురు తుడుచుకుంది. ఇనాయత్ అచ్చం అలాగే తుడుచుకునేది. ఆపైన షామియానా దగ్గరికి వచ్చి, ఎవరైనా వచ్చారేమోనని లోపలికి తొంగిచూసింది. ఎవరూ లేరు. నాట్యం అక్కడ ఆగిపోయింది.

పరీక్షాధికారులు చప్పట్ల కోసం చూశారు. ఆ గుడ్డ ముందు ఆ సందువాళ్ళకు చేతులు లేవలేదు. అందరూ లేచి మౌనంగా నిలబడ్డారు. చివరికి అజీజా అవ్వే కర్రతో నేలను కొట్టింది.

"కొట్టరేం? పిల్ల బతికే ఉందిగా."

అప్పుడు కొట్టారు.

బయటికొచ్చాక జగ్లూల్ తెర మడిచి బండిలో పెట్టాడు. బయ్యూమీ అతని చెయ్యి పట్టుకుని, ఇనాయత్ బాకీ తీరిపోయింది మేస్త్రీ అన్నాడు. జగ్లూల్ తలూపి, తాడు బిగిస్తూ అన్నాడు:

"ఇంకోసారి సంతోషమైతే మాత్రం రెండు రోజులు ముందు చెప్పండి హాజీ."