నూకాలమ్మ ముక్కు ల్యాబు

ఉద్దానంలో పళ్ళు తోముకోవడం వెంటనే నిషేధించాలి! టూత్‌పేస్టు అమ్మే కొట్లకి తాళాలు వెయ్యాలి. నోరు పుక్కిలించే ఆ పచ్చ మందునీళ్ళ సీసాలన్నీ సముద్రంలో పారబొయ్యాలి!

నవ్వకండి. నోటి కంపు మీ ఊళ్ళలో రోగం. మా ఊళ్ళలో అదే రిపోర్టు!

నమ్మనివాళ్ళు కవిటి పక్క కొబ్బరితోటల్లోకొచ్చి నూకాలమ్మని అడగండి. ఆమె తమ్ముడు కిడ్నీ జబ్బుతో పోయాడు. పోయే ముందు అతని నోరు తడిసిన యూరియా బస్తా మూతి విప్పినట్టు కొట్టేది. ఆ వాసన నూకాలమ్మ ముక్కులో అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచి, చెట్లెక్కి కాయలు దింపే మొగుడు గున్నయ్య వేపపుల్ల నోట్లో పెట్టకముందే, ఆ వాసన ఉందేమోనని రోజూ పరీక్ష.

"ఊదు మావా."

"పొద్దున్నే ఏటే ఈ గోల? పాసి నోరే!"

"పాసిదే కావాల. ఊదు."

ఊదేవాడు. ఆమె కళ్ళు మూసుకుని పీల్చేది. "ఉల్లిపాయ, ఎండుసేప, సుట్ట. పరవానేదు, ఎల్లు."

సూది లేదు, క్యూ లేదు, పరగడుపున టెక్కలి ఆస్పత్రికి బస్సెక్కే పని లేదు. ఏ కార్పొరేట్ ల్యాబండీ, క్షణంలో రిపోర్టిచ్చేది? పక్కింటి ఆడవాళ్ళూ మొగుళ్ళని లాక్కొచ్చేవారు. రత్నాలమ్మ మొగుడు వరహాలు ఊదిన రోజున నూకాలమ్మ గోడ పట్టుకుని నిలబడాల్సొచ్చింది. రిపోర్టు మాత్రం ఇచ్చింది: "కిడ్నీలు బాగున్నాయి వొదినా. మనిసినే కడగాల!"

అలాంటి ల్యాబు మీదికి ఒకరోజు జీపొచ్చింది. మైకూ, బేనరూ! నోటి దుర్వాసన నివారణ శిబిరమట. ప్రమోదిని గారని చిన్న వయసు పళ్ళ డాక్టరమ్మ. చెప్పినవన్నీ నిజాలే, ఆవిణ్ణి అనడానికేం లేదు. రోజుకి రెండుసార్లు తోమండి. నాలుక గీసుకోండి. తిన్నాక పుక్కిలించండి. చుట్ట మానండి. నీళ్ళు బాగా తాగండి.

ఆ ఆఖరి ముక్కకి వరహాలు లేచాడు. "ఏ నీల్లు డాక్టరమ్మా? బోరు నీల్లా, టేంకరు నీల్లా?"

"ఏవైనా పర్లేదండీ!"

శిబిరమంతా గొల్లున నవ్వింది. ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు, పాపం. ఏ నీళ్ళు తాగితే ఈ కిడ్నీ జబ్బొస్తోందో, అసలు నీళ్ళ వల్లో కాదో తేలక జనం చస్తున్న చోటది!

తలా ఒక బ్రష్షు, పేస్టు, పచ్చ సీసా. గున్నయ్య మురిసిపోయాడు. రెండు పూటలా తోముడే తోముడు! ఊదమంటే పిప్పర్‌మెంటు బిళ్ళ వాసన. "సూడే, పెల్లికొడుకు నోరు!" అనేవాడు. నూకాలమ్మ కూడా నవ్వేసింది. ల్యాబు మూతపడింది.

నాలుగు నెలలకి గున్నయ్య పాదాలు పొంగాయి. సగం చెట్టు దాకా ఎక్కి, ఆయాసమొచ్చి దిగిపోయాడు. టెక్కలిలో రక్తం తీశారు. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ తొమ్మిది!

తేలిందా ఇప్పుడు, దోషి ఎవరో? పేస్టు! నూకాలమ్మ కూడా ఆస్పత్రిలో అదే అంది. "ఆ పచ్చనీల్లే బాబూ, నా ముక్కు మూసీసినాయి. నేకపోతే ముందే పట్టీదాన్ని."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. ఆ వాసన వచ్చేసరికే కిడ్నీలు చాలావరకు పోయుంటాయి. నీ ముక్కు పట్టినా ఆలస్యమే. ముందే తెలియాలంటే రక్తం, మూత్రం పరీక్ష చేయించాలి."

 ఇన్నేళ్ళూ నూకాలమ్మ కాపలా కాసింది దొంగ దోచుకుపోయిన ఇంటికా?

గున్నయ్య ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు. డాక్టరు తాగనిచ్చేది రోజుకి మూడే మూడు గ్లాసుల నీళ్ళు. దాహమేస్తే నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేస్తాడు. శిబిరంలో చెప్పింది ఇంత శ్రద్ధగా పాటించే నోరు ఉద్దానంలో ఇంకోటి లేదు!

మొన్న జీపు మళ్ళీ వచ్చింది, ఎవరెలా తోముతున్నారో చూడ్డానికి. ప్రమోదిని గారు గ్లౌజులు తొడుక్కుని, టార్చి వెలిగించి, "ఆ అనండమ్మా" అన్నారు.

లైన్లో ముందున్న నూకాలమ్మ నోరు తెరవలేదు. జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, చెయ్యి చాపింది. వెనక రత్నాలమ్మ చాపింది. వరహాలు చాపాడు. ఆ వెనక లైనంతా చేతులే.

"పల్లు బాగున్నాయి తల్లీ" అంది నూకాలమ్మ. "సూది తెచ్చినావా?"